పాట మీది... ఖాతా ఎవరిది?

నూజివీడు చుట్టుపక్కల మామిడితోట చేతులు మారడానికి చెట్టున కాయ కనపడనక్కర్లేదు. పూత చూసే బేరం కుదిరిపోతుంది. ఏడాదికో, రెండు మూడేళ్లకో గుత్త మాట్లాడుకుని, డబ్బు చేతిలో పెట్టి గుత్తదారు తోటలో దిగుతాడు. ఆపైన తేనెమంచు పురుగు పట్టినా, ఈదురుగాలికి పిందె రాలినా, ధర రెట్టింపైనా రైతుకు సంబంధం లేదు. అది ఇష్టంలేనివాళ్లు కాయ తామే కోయించి, నున్న మార్కెట్‌కో దగ్గర్లోని కమీషన్‌ కొట్టుకో తోలి, తరుగూ కమీషనూ పోను మిగిలింది తెచ్చుకుంటారు. ఈమధ్య మూడో రకమూ తయారైంది. బంగినపల్లినీ చిన్న రసాల్నీ అట్టపెట్టెల్లో సర్ది, వాట్సాప్‌లో ఆర్డర్లు పట్టి, పార్సిల్‌ సర్వీసులో హైదరాబాద్‌ అపార్ట్‌మెంట్లకు నేరుగా పంపేవాళ్లు. పెట్టె ఖర్చూ రవాణా ఖర్చూ వాళ్లవే. లాభమూ వాళ్లదే. కాయ మెత్తబడిందని ఫోనొస్తే మాటపడేదీ వాళ్లే.

సొంతంగా పాట చేసుకునేవాళ్ల ముందు ఇప్పుడున్నవీ ఈ మూడు దారులే. ఆడియో కంపెనీకి పాటను ఒక్క మొత్తానికి రాసిచ్చేయడం మొదటిది. వచ్చిన దాంట్లో వాటా తీసుకునే పంపిణీ సంస్థకు అప్పగించడం రెండోది. ఏడాది చందా కట్టి, వచ్చిందంతా తానే ఉంచుకోవడం మూడోది. తోట విషయంలో ఏ దారిలో ఏం పోతుందో, ఏం మిగులుతుందో ఈ ప్రాంతంలో పదో తరగతి పిల్లాడైనా చెబుతాడు. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం పెద్దపెద్దవాళ్లు కూడా ‘ఎన్ని యాప్స్‌లో వస్తుంది?’ అన్న ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోతున్నారు.

అడగాల్సిన ప్రశ్న అది కాదు. ఒక సంస్థతో చేరేటప్పుడు చూడాల్సింది లోపలికి వెళ్లే దారి కన్నా బయటికొచ్చే దారి.

మద్రాసు మెట్ల నుంచి మొబైల్‌ దాకా

నూజివీడుకు సంగీతం కొత్తేమీ కాదు. పనస దుంగను తొలిచి వీణలు చేసే పనిలో బొబ్బిలి తర్వాత తెలుగునాట చెప్పుకునే ఊరు ఇదే. 2008లో ట్రిపుల్‌ ఐటీ వచ్చాక ల్యాప్‌టాప్‌లో పాట కట్టగల కుర్రకారు కూడా వేల సంఖ్యలో వచ్చి చేరింది. చుట్టూ ముసునూరు, ఆగిరిపల్లి, చాట్రాయి పల్లెల్లో చెక్కభజనలు, కోలాటాలు, చర్చి పాటలు, అయ్యప్ప భజనలు ఎప్పుడూ ఉన్నవే. సినిమాతో సంబంధం లేని తెలుగు పాటల్లో భక్తి పాటలది, అందులోనూ క్రైస్తవ గీతాలది చాలా పెద్ద వాటా. గుంటూరు కేంద్రంగా పనిచేసే హోసన్నా మినిస్ట్రీస్‌ పాటల కోసం ఏటా ఎదురుచూసేవాళ్లు కోస్తా జిల్లాల్లో అడుగడుగునా కనిపిస్తారు. పత్రికల్లో ‘ఇండిపెండెంట్‌ మ్యూజిక్‌’ అనగానే గిటార్‌ పట్టుకున్న నగర యువకుడి ఫొటో వేస్తారు కానీ, తెలుగులో అసలు సొంతపాటల పరిశ్రమ ఇక్కడుంది.

ఒకప్పుడు ఈ పాట ఊరు దాటాలంటే ఎవరో ఒకరు గేటు తీయాలి. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922లో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు అంతటివారినే మొదట గ్రామఫోన్‌ రికార్డుల కంపెనీ హెచ్‌ఎంవీ వద్దనుకుందని, తర్వాత అందులో పనిచేసే పేకేటి శివరాం చొరవతోనే ఆయన గొంతు రికార్డుకెక్కిందని చెబుతారు. ‘పుష్పవిలాపం’ లాంటి ప్రైవేటు పద్యాలు ఇంటింటికీ చేరింది ఆ గేటు తెరుచుకున్నాకే. 1948 డిసెంబర్‌ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలయ్యాక కృష్ణా జిల్లా కళాకారులకు ఇంకో గుమ్మం దొరికింది. అక్కడా ఆడిషన్‌ ఉండేది. తర్వాత క్యాసెట్లు, సీడీలు, లోకల్‌ కేబుల్‌ చానళ్లు వచ్చాయి.

ఇప్పుడు గేటే లేదు. గేటు లేకపోవడమే ఇప్పుడు ఇబ్బంది. సంగీత గణాంకాల సంస్థ ల్యూమినేట్‌ లెక్క ప్రకారం 2023లో స్ట్రీమింగ్‌ వేదికల మీదికి రోజుకు సగటున లక్షకు పైగా పాటలు వచ్చి పడ్డాయి. అంత రద్దీలో పాటలన్నిటినీ ఒక్కొక్కరి దగ్గర నుంచి తీసుకునే ఓపిక స్ట్రీమింగ్‌ కంపెనీలకు లేదు. యూట్యూబ్‌లో ఎవరి చానల్‌ వాళ్లు పెట్టుకోవచ్చు. స్పాటిఫై, ఆపిల్‌ మ్యూజిక్‌లలో అలా కుదరదు. కళాకారులే నేరుగా పాట ఎక్కించుకునే సదుపాయాన్ని స్పాటిఫై 2018లో కొద్దిమందితో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, మరుసటి ఏడాదే మూసేసింది. కాబట్టి మధ్యలో పంపిణీ సంస్థ ఉండి తీరాలి. దాన్నే డిస్ట్రిబ్యూటర్‌ అంటున్నారు.

ముగ్గురు వ్యాపారులు, మూడు లెక్కలు

ఈ వ్యాపారం పుట్టింది ఓ పాటగాడి ఇంట్లోనే. అమెరికాలో డెరెక్‌ సివర్స్‌ అనే సంగీతకారుడు తన సీడీని ఇంటర్నెట్‌లో అమ్ముకోవాలనుకున్నాడు. పేరున్న కంపెనీ వెనక లేనివాడి సరుకును ఆన్‌లైన్‌ దుకాణాలు తీసుకోలేదు. దాంతో 1998లో తనే ఓ వెబ్‌సైట్‌ తయారుచేసుకున్నాడు. మిత్రులు తమ సీడీలూ పెట్టమన్నారు. అలా ‘సీడీ బేబీ’ పుట్టింది. పదేళ్ల తర్వాత దాన్ని సుమారు 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్మేశాడు. సీడీ బేబీ లెక్క ఇప్పటికీ పాతకాలపు వ్యాపారిదే: పాట పెట్టేటప్పుడు ఒకసారి రుసుము, ఆపైన వచ్చే రాబడిలో 9 శాతం కమీషన్‌. ఏటా కట్టేది ఏమీ లేదు.

జెఫ్‌ ప్రైస్‌ మరికొందరితో కలిసి పెట్టిన ‘ట్యూన్‌కోర్‌’ 2006లో వ్యాపారం మొదలెట్టింది. కమీషన్‌ వద్దు, ఏడాది రుసుము చాలు అంది. 2015లో దాన్ని ఫ్రాన్స్‌కు చెందిన బిలీవ్‌ కొనేసింది. 2020లో ట్యూన్‌కోర్‌ భారత్‌లో అడుగుపెట్టింది. ఆ మరుసటి ఏడాది చెన్నైలోని థింక్‌ మ్యూజిక్‌లో బిలీవ్‌ 76 శాతం వాటా తీసుకుంది. దక్షిణాది పాట మీద ప్యారిస్‌ కంపెనీకి ఎంత నమ్మకముందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఇక 2013లో ఫిలిప్‌ కప్లాన్‌ పెట్టిన ‘డిస్ట్రోకిడ్‌’ ఏడాదికి ఒక్క చందా కట్టి ఎన్ని పాటలైనా పెట్టుకోమంది. కుర్రకారులో ఎక్కువగా వినిపించే పేరు ఇదే. వీటితోపాటు ముందు రూపాయి కూడా అడక్కుండా, రాబడిలో 15 శాతం మాత్రం పట్టుకునే ‘రూట్‌నోట్‌’ ఉంది. మన దేశంలో పుట్టిన సాంగ్‌డ్యూ, మ్యాడ్‌వర్స్‌ ఉన్నాయి. చెన్నై ‘డివో’లో 2023లో వార్నర్‌ మ్యూజిక్‌ ఇండియా మెజారిటీ వాటా కొన్నది. (హైదరాబాద్‌లో మ్యాంగో మ్యూజిక్‌ అనే కంపెనీ కూడా ఉంది. పేరు చూసి మన ఊరిదేననుకోకండి.)

ధరలు ఏడాదికోసారి మారుతుంటాయి కాబట్టి రూపాయల పట్టిక వేయడం అనవసరం. లెక్క ఎలా వేసుకోవాలన్నదే ముఖ్యం. ఉదాహరణకు ఏడాది చందా 2,000 రూపాయలు అనుకుందాం. ఇంకో సంస్థ చందా అడగదు, 15 శాతం తీసుకుంటుంది. పాట మీద ఏడాదికి 3,000 వస్తే రెండో సంస్థకు పోయేది 450 రూపాయలే. మొదటిదానికి 2,000 కట్టాక చేతికి మిగిలేది వెయ్యి. రెండూ సమానమయ్యేది ఏడాది రాబడి 13,000 దాటుతున్నప్పుడు. నెలకో పాట తీసే డీజే జానపదాల కుర్రాళ్లకు చందా పద్ధతి బాగా గిట్టుబాటు. దసరాకు ఒకటి, శివరాత్రికి ఒకటి తీసే భజన బృందానికి అది శుద్ధ దండగ. ‘నూటికి నూరు శాతం మీదే’ అన్న ప్రకటన చూసి చందా కట్టినవాళ్లలో, ఆ నూరు శాతం చందాకు కూడా సరిపోనివాళ్లు తక్కువేం ఉండరు.

పైగా స్పాటిఫై 2024 నుంచి ఒక నిబంధన తెచ్చింది. గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినబడని పాటకు రికార్డింగ్‌ రాయల్టీ లెక్కలో చోటే ఉండదు. ఊళ్లో అందరూ విన్నారన్న తృప్తి వేరు, ఈ వెయ్యి వేరు.

చందా ఆగిన రోజు

అసలు తేడా బయటపడేది రెండో ఏడాది. చందా కట్టడం మానేస్తే ఏమవుతుంది? సీడీ బేబీ లాంటి చోట ఏమీ కాదు, పాట అక్కడే ఉంటుంది. చందా సంస్థల్లో పాట దిగిపోతుంది, లేదా దించేసే హక్కు సంస్థ దగ్గర ఉంటుంది. డిస్ట్రోకిడ్‌ దీనికి ‘లీవ్‌ ఎ లెగసీ’ అని అదనపు సదుపాయం పెట్టింది. సింగిల్‌కు 29 డాలర్లు, ఆల్బమ్‌కు 49 డాలర్లు ఒకసారి కడితే చందా ఆగినా పాట ఆగదు. పేరులో వారసత్వం ఉంది కానీ, మన కళాకారులకు చెప్పాల్సిన తీరులో చెబితే అది శాశ్వత నిల్వ రుసుము. పదిహేను పాటలున్న జానపద గాయకుడు ఒక్కో పాటకూ అది కట్టాలంటే తడిసి మోపెడవుతుంది.

ఒక పెద్దావిడ అరవయ్యేళ్ల వయసులో నాలుగు నాట్ల పాటలు పాడి రికార్డు చేయించిందనుకోండి. చందా మనవడి కార్డు మీద నడుస్తోంది. మనవడు బెంగళూరులో ఉద్యోగం మారాడు, కార్డు మారింది, చందా కట్‌ అయింది. ఆవిడ గొంతు ఫలానా నెల నుంచి ఎక్కడా వినపడదు. ఎందుకు వినపడటం లేదో ఆవిడకు తెలియదు. ఇలాంటి పాటలకు కమీషన్‌ పద్ధతే మేలు. తొమ్మిది శాతమో, పదిహేను శాతమో పోతే పోనీ.

పాటలుండే దుకాణాలు, అంటే ఈ యాప్స్‌, మూతపడటం కూడా ఈ కొన్నేళ్లలో చూస్తూనే ఉన్నాం. 2020 జూన్‌ చివర్లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు తెలుగు పల్లెల్లో ఎన్ని ఫోన్లు బోసిపోయాయో గుర్తుండే ఉంటుంది. రెస్సో అనే పాటల యాప్‌ 2024 జనవరి ఆఖరుతో మన దేశంలో ఆగిపోయింది. ఎయిర్‌టెల్‌ వింక్‌ మ్యూజిక్‌ కూడా అదే ఏడాది తలుపులేసింది. సావన్‌, జియో మ్యూజిక్‌ 2018లో కలిసిపోయి జియోసావన్‌ అయ్యాయి. దుకాణం పోయినా సరుకు చేతిలో ఉంటే ఇంకో దుకాణంలో పెట్టొచ్చు. అందుకే అసలు వేవ్‌ ఫైలు, పాట కోడ్‌ నంబర్లు కళాకారుడి దగ్గర ఉండాలి. స్టూడియో హార్డ్‌డిస్క్‌లో ఉంటే చాలదు.

ఫారం నింపేది ఎవరు?

చిన్న పట్టణాల స్టూడియోల్లో ‘ప్యాకేజీ’ అని ఉంటుంది. ట్రాకు, రికార్డింగ్‌, మిక్సింగ్‌, పోస్టరు, అన్ని యాప్స్‌లో అప్‌లోడ్‌ అన్నీ కలిపి ఒకే రేటు. సౌకర్యమే. కానీ అప్‌లోడ్‌ అయ్యేది ఎవరి ఖాతాలో అన్నది చాలామంది అడగరు. స్టూడియోవాళ్ల ఖాతాలోంచి వెళితే రాబడి కూడా అందులోకే వస్తుంది. పాట తీసేయాలన్నా, పేరు సరిచేయాలన్నా, ఎవరో కాజేశారని ఫిర్యాదు చేయాలన్నా ఆ ఖాతాకే అధికారం. ఇందులో మోసం ఉండాలని లేదు. స్టూడియో నడిపే కుర్రాడు గల్ఫ్‌ వెళ్లిపోతే చాలు, పాట తాళంచెవి అతనితో పోతుంది.

కాబట్టి పాట ఎక్కించేటప్పుడు పంపిణీ సంస్థ నింపమనే ఫారం ముందు కళాకారుడే ఓసారి కూర్చోవాలి. నింపడానికి అరగంట పట్టదు. సంస్థ ఏదైనా అడిగేవి ఇంచుమించు ఒకటే. కళాకారుడి పేరు మొదటి గడి. ఇక్కడ ‘లక్ష్మి’ అనో ‘రాజు’ అనో ఒక్క ముక్క రాస్తే, అదే పేరున్న వేరే గాయకుల పేజీలో పాట వెళ్లి పడే ప్రమాదం ఉంది. ఊరిపేరో ఇంటిపేరో కలిపి, మొదటి పాటకు ఏ స్పెల్లింగ్‌ రాశారో పదో పాటకూ అదే రాయాలి. నూజివీడునే ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు మరి! తర్వాత సహ గాయకులు. ఆ తర్వాత రచయిత, స్వరకర్త అసలు పేర్లు. వేదిక పేర్లు కాదు, ఆధార్‌లో ఉన్న పేర్లు. భాష గడిలో తెలుగు ఉంటుంది. పాట తరహా గడిలో ‘జానపదం’ దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరక్కపోతే ‘ఇండియన్‌’ అనో ‘వరల్డ్‌’ అనో సర్దుకోవాలి. పాట కవర్‌ బొమ్మ 3,000 పిక్సెళ్ల చదరం. దానిమీద ఫోన్‌ నంబరు, ‘సబ్‌స్క్రైబ్‌ చేయండి’, బుకింగ్‌ వివరాలు ఉంటే వెనక్కి కొట్టేస్తారు. జాతర పోస్టరు అలవాటున్న డిజైనర్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

కింద ఎక్కడో ఐఎస్‌ఆర్‌సీ అని ఓ గడి ఉంటుంది. 12 అక్షరాలు, అంకెల కోడ్‌. ప్రతి రికార్డింగ్‌కూ ప్రపంచం మొత్తంలో ఒకటే. మన దేశంలో ఈ కోడ్‌లు చూసే సంస్థ ఇండియన్‌ మ్యూజిక్‌ ఇండస్ట్రీ. లేనివాళ్లకు పంపిణీ సంస్థే ఉచితంగా ఒకటి ఇస్తుంది. ఏది ఇచ్చినా సరే, దాన్ని నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోవాలి. దీని అవసరం సంస్థ మారేటప్పుడు తెలుస్తుంది.

విడుదల తేదీ గడిలో ‘రేపు’ అని కొట్టేవాళ్లే ఎక్కువ. స్పాటిఫైలో ప్లేలిస్టుల ఎడిటర్లకు పాట పంపుకోవాలంటే విడుదలకు కనీసం ఏడు రోజుల ముందు అది అక్కడికి చేరి ఉండాలి. పంపిణీ సంస్థ తనిఖీకి ఇంకొన్ని రోజులు. మూడు నాలుగు వారాల గడువు పెట్టుకోవడం ఉత్తమం. సంక్రాంతి పాటను కనుమ రోజున మిక్సింగ్‌ చేయించేవాళ్లకు ఈ సలహా అనవసరం.

బుల్లెట్‌ బండి ఎక్కినా, సారంగ దరియా కట్టినా

నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది, 2022 ఏప్రిల్‌ 4 నుంచి. ఆ ఏలూరు ఆడపడుచే గాయని మోహన భోగరాజు. సినిమాల్లో పేరొచ్చాక కూడా ఆమె 2021 ఏప్రిల్‌లో ‘బుల్లెట్టు బండి’ అనే ప్రైవేటు పాటతో వచ్చారు. లక్ష్మణ్‌ రాశారు, ఎస్‌.కె.బాజి బాణీ కట్టారు, బ్లూరాబిట్‌ ఎంటర్‌టైన్‌మెంట్‌ విడుదల చేసింది. నాలుగు నెలలకు మంచిర్యాల జిల్లాలో ఓ పెళ్లికూతురు ఊరేగింపులో ఈ పాటకు వేసిన స్టెప్పుల వీడియో ఫోన్‌ ఫోన్‌కూ పాకింది. ఆపైన ఆ పాట లేని పెళ్లి లేదు.

ఇలాంటి పాటకు వచ్చే డబ్బు ఒక్క చోట ఉండదు. సొంత చానల్‌లో వీడియో మీద ప్రకటనల డబ్బు ఒకటి. స్ట్రీమింగ్‌ యాప్స్‌ రాబడి మరొకటి. ఊరూరా జనం పెట్టే పెళ్లి వీడియోల్లో ఆ పాట మోగుతుంటుంది కదా, దాన్ని గుర్తుపట్టి ఆ వీడియోల మీద వచ్చే ప్రకటనల డబ్బును పాట సొంతదారుకు మళ్లించే ఏర్పాటు యూట్యూబ్‌లో 2007 నుంచీ ఉంది. దాని పేరు కంటెంట్‌ ఐడీ. మామూలు చానల్‌వాళ్లకు ఇది నేరుగా అందదు, పంపిణీ సంస్థ ద్వారానే రావాలి. కొన్ని సంస్థలు దీన్ని అదనపు రుసుముకు, అందులో వచ్చినదానిలో వాటాకు ఇస్తాయి. మన దగ్గర దీనికి తోడు కాలర్‌ ట్యూన్లు ఉండనే ఉన్నాయి. విదేశీ సంస్థల చూపు వీటిమీద అంతగా ఉండదు. భక్తి పాటలవాళ్లు సంస్థను ఎంచుకునేటప్పుడు ‘మీరు కాలర్‌ ట్యూన్‌ ఇస్తారా, జియోసావన్‌లో వేస్తారా’ అని ముందే అడగాలి. తెలుగు శ్రోత లేని నూటయాభై విదేశీ యాప్స్‌ జాబితా కన్నా ఈ రెండు మాటలు విలువైనవి.

కంటెంట్‌ ఐడీతో ఓ చిక్కుంది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన బీటు మీద పాట కడితే, అదే బీటు మీద ఇంకో వందమంది కట్టి ఉంటారు. అలాంటి పాటను కంటెంట్‌ ఐడీలో పెట్టకూడదన్నది నిబంధన. పెడితే ఒకరి పాట మీద ఒకరికి క్లెయిములు పడి, చివరికి ఇద్దరి రాబడీ ఆగుతుంది. పల్లె పదాలకు ఇంకా గట్టి చిక్కు. తరతరాలుగా అందరూ పాడే పదం మీద ఎవరికి హక్కు? 2021లో ‘లవ్‌స్టోరీ’ సినిమా కోసం సుద్దాల అశోక్‌తేజ రాయగా మంగ్లి పాడిన ‘సారంగ దరియా’ హోరెత్తినప్పుడు, ఆ జానపదాన్ని ‘రేలా రే రేలా’ టీవీ కార్యక్రమంలో తాను ముందే పాడానని గాయని కోమలి గొంతెత్తారు. దర్శకుడు శేఖర్‌ కమ్ముల బహిరంగంగా వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. చట్టం ప్రకారం జానపదం అందరిదీ కావచ్చు. మీరు చేసిన రికార్డింగ్‌ మాత్రం మీది. దానికి 60 ఏళ్ల కాపీరైట్‌ ఉంటుంది. ఫారంలో రచయిత గడి దగ్గర ‘సంప్రదాయం’ అని రాసి, ఎక్కడ, ఎవరి నోట సేకరించారో విడిగా రాసిపెట్టుకుంటే రేపు గొడవొచ్చినా చూపించడానికి ఒక ఆధారం ఉంటుంది.

సినిమా పాటలను మళ్లీ పాడి పెట్టేవాళ్ల కథ వేరు. మన కాపీరైట్‌ చట్టంలో 31సి సెక్షన్‌ ప్రకారం కవర్‌ వెర్షన్‌ తీయాలంటే అసలు పాట వచ్చిన ఏడాది ముగిశాక ఐదు క్యాలెండర్‌ సంవత్సరాలు దాటాలి, ముందుగా నోటీసు ఇవ్వాలి, రాయల్టీ ముందే కట్టాలి. పంపిణీ సంస్థ వెబ్‌సైట్‌లో కనిపించే ‘కవర్‌ లైసెన్స్‌’ బటన్‌ అమెరికా చట్టం కోసం పెట్టింది. దాన్ని నొక్కి డబ్బు కట్టినంత మాత్రాన తెలుగు సినిమా ఆడియో కంపెనీ ఊరుకోదు.

డబ్బు వచ్చే దారిలో

విదేశీ సంస్థ ఎంచుకున్నప్పుడు రెండు కాగితాలు ముందుంటాయి. ఒకటి అమెరికా పన్ను ఫారం, డబ్ల్యూ-8 బెన్‌. అది నింపకపోతే అమెరికాలో విన్నవాళ్ల ద్వారా వచ్చిన రాబడిలో 30 శాతం దాకా పన్నుగా పట్టేస్తారు. మన దేశానికీ అమెరికాకూ ఉన్న పన్ను ఒప్పందం కింద అది 15 శాతానికి తగ్గుతుంది. డాలస్‌లో, న్యూజెర్సీలో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో తెలిసిందే కాబట్టి ఇది చిన్న విషయం కాదు. రెండోది, డబ్బు ఎంత పోగయ్యాక ఇస్తారు, ఏ దారిలో ఇస్తారు, ఇచ్చేటప్పుడు ఎంత కోస్తారు అన్న షరతులు. చిన్న రాబడి ఉన్నవాళ్లకు రూపాయల్లో బ్యాంకు ఖాతాకే వేసే సంస్థ ఉంటే అది కమీషన్‌ కాస్త ఎక్కువ తీసుకున్నా నయం.

ఇక్కడే వలలు కూడా ఉంటాయి. ‘రెండు వేలిస్తే లక్ష స్ట్రీమ్స్‌’ అనే ఇన్‌స్టాగ్రామ్‌ ప్రకటనలు రోజూ వస్తుంటాయి. దొంగ స్ట్రీమ్స్‌ ఎక్కువగా ఉన్న పాటలకు స్పాటిఫై 2024 నుంచి పంపిణీ సంస్థల మీద జరిమానా వేస్తోంది. సంస్థలు ఆ భారాన్ని కళాకారుడి ఖాతా మీదికే నెడుతున్నాయి, ఆపై పాటను తీసేస్తున్నాయి. బాట్లతో నడిచే ప్లేలిస్టులో తనకు తెలియకుండానే పాట పడినవాళ్లకూ ఈ దెబ్బ తగులుతోంది. అప్పుడు తెలుస్తుంది, సంస్థలో ఫోన్‌ ఎత్తే మనిషి ఉన్నాడా లేక యంత్రం పంపే ఇంగ్లిష్‌ మెయిలే దిక్కా అన్నది. చేరకముందే ఒక సందేహం రాసి పంపి, జవాబు ఎన్ని రోజులకు వస్తుందో చూడటం మంచి పరీక్ష. అందులో తేలినంత నిజం ధరల పట్టికలో తేలదు.

ఇంకో మాట. పంపిణీ సంస్థ వసూలు చేసేది రికార్డింగ్‌ మీద వచ్చే డబ్బును మాత్రమే. రచయితకూ స్వరకర్తకూ వచ్చే రాయల్టీ వేరే దారి. దానికి 1969లో ఏర్పడిన రాయల్టీల సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి, పాటలు నమోదు చేసుకోవాలి. గాయకులకైతే 2013లో ఇస్రా పేరుతో ఏర్పడిన సంఘం (ఇప్పుడు ఇసామ్రా) ఉంది. 2012లో కాపీరైట్‌ చట్టానికి తెచ్చిన సవరణతో ఈ హక్కులు బలపడ్డాయి. పాటకు సొంతదారు ఎవరన్న ప్రశ్న ఎంతదాకా వెళుతుందో 2017లో తెలుగు శ్రోతలు కళ్లారా చూశారు, అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఇళయరాజా తరఫు లీగల్‌ నోటీసు అందినప్పుడు. అంతటి స్నేహితుల మధ్యే ఆ ప్రశ్న వచ్చింది. కాబట్టి రికార్డింగ్‌కు ముందే, పాడినవారు, రాసినవారు, బాణీ కట్టినవారు, డప్పు వాయించినవారు ఎవరి వాటా ఎంతో ఒక తెల్లకాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టుకోవాలి. వాటాలను ఎవరి ఖాతాకు వాళ్లకే పంచే సదుపాయం ఇప్పుడు చాలా పంపిణీ సంస్థల్లో ఉంది.

ఆడియో కంపెనీకి రాసిచ్చేయడం తప్పని కాదు. ‘ఊరెళ్ళిపోతా మామ’ పాటతో పేరు తెచ్చుకున్న చౌరస్తా బ్యాండ్‌ రామ్‌ మిరియాల ఆ సొంతపాటల బలంతోనే సినిమాకొచ్చి ‘డీజే టిల్లు’ టైటిల్‌ పాట దాకా వెళ్లారు. సినిమాలో పాట సాధారణంగా కంపెనీదే అవుతుంది, అది తెలిసే చేసే బేరం. ప్రైవేటు పాటను రాసిచ్చేటప్పుడు మాత్రం గడువు చూడాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే ఐదేళ్లనీ, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేననీ చట్టం 19వ సెక్షన్‌ అనుకుంటుంది. అందుకే కంపెనీలు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని రాయించుకుంటాయి. ఆ ముక్క కొట్టేసి ‘మూడేళ్లు’ అని రాయమని అడగడానికి మొహమాటపడేది తోట దగ్గర ఎకరాకు వెయ్యి రూపాయల కోసం గంట బేరమాడే ఊరివాళ్లే కావడం విచిత్రం.

ఇప్పటికే ఎక్కడో ఇరుక్కున్నవాళ్లు బయటికి రావడం అసాధ్యమేమీ కాదు, వరస తప్పకపోతే చాలు. పాత సంస్థలో పాటను ముందుగా తీయకూడదు. అక్కడి నుంచి ఐఎస్‌ఆర్‌సీ కోడ్‌, ఆల్బమ్‌ యూపీసీ నంబరు, పేరు స్పెల్లింగ్‌, విడుదల తేదీ యథాతథంగా రాసుకోవాలి. అదే వేవ్‌ ఫైలును అవే వివరాలతో కొత్త సంస్థలో ఎక్కించి, ‘ఇంతకుముందు విడుదలైందా’ అన్నచోట అవునని గుర్తుపెట్టాలి. కొత్తది అన్ని యాప్స్‌లో కనిపించాక, పాత లెక్కల కాపీ దింపుకుని, అప్పటిదాకా పోగైన డబ్బు తీసుకున్న తర్వాతే పాతదాన్ని తొలగించమనాలి. యాప్స్‌ లెక్కలు రెండు మూడు నెలలు ఆలస్యంగా వస్తాయి కాబట్టి పాత ఖాతాను ఆ చివరి వసూలు పడేదాకా మూసేయకూడదు. కోడ్‌ సరిపోలితే అప్పటిదాకా విన్నవాళ్ల లెక్క కూడా పాటతోపాటే వస్తుంది. ఒక్క అంకె తేడా పడితే మళ్లీ సున్నా నుంచే.